రెండు వేళ్ల వదులు

"మీ బండి ఏడుస్తోందండీ."

ఉదయం ఏడింటికి మెట్ల మీద నిలబడి, నోట్లో బ్రష్షుతో అన్న మాట ఇది. అన్నవాడు పై వాటాలో అద్దెకు దిగి మూడు రోజులైంది. వీధి చివర కళ్లజోళ్ల షాపు అతనిది.

కింద బండి పక్కన హెల్మెట్ పెట్టుకుంటున్న అమ్మాయి తల తిప్పలేదు.

"ఏడిస్తే ఓదార్చండి," అంది.

"ఓదారిస్తే ఆగదు. చెయిన్ ఎండిపోయింది. ఆయిల్ వెయ్యాలి."

"మీరు మెకానిక్కా?"

"కాదు. మా మేనమామ మెకానిక్. నా సెలవులన్నీ ఆయన షెడ్డులోనే గడిచాయి."

"అయితే మీ మేనమామను వచ్చి చెప్పమనండి. మీరు ముందు నోరు కడుక్కోండి."

అతను బ్రష్షు తీసి ఏదో అనబోయాడు. నురగ చొక్కా మీద పడింది.

"ఇంకో మాట," అందామె. "ఈ బండి మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు. పడితే ఆ చేతికి సూది గుచ్చుతా. నా బ్యాగులో రోజూ నలభై ఉంటాయి."

ఆ లెక్క నిజమే. ఇంటింటికీ వెళ్లి రక్తం తీసి ల్యాబ్‌కు చేర్చడం ఆమె ఉద్యోగం. వీధిలో పిల్లలు ఆమెను సూదక్క అంటారు. పెద్దవాళ్లు కూడా అంటారు, ఆమె మలుపు తిరిగాక.

బండి రెండుసార్లు దగ్గి స్టార్టయింది. ఆమె ట్యాంకు మీద ఒక చరుపు చరిచింది.

"ఇంకోసారి అరిచావంటే పాత ఇనుముకి వేస్తా. వింటున్నావా?"

బండి కిర్రుకిర్రుమంటూ వీధి దాటింది. దానికి పంతొమ్మిదేళ్లు. ఎర్ర రంగు. ముందుకు వంగి, పొట్ట ట్యాంకుకు ఆనించి నడిపే రేసు బండి రకం. ఒకప్పుడు కుర్రాళ్ల గదుల్లో పోస్టరుగా ఉండేది. ఇప్పుడు పక్కల ప్లాస్టిక్ తొడుగు మూడు చోట్ల పగిలి, సన్న తీగతో కుట్లు వేసి ఉంది.

*

ఆ బండి మీద ఒక పందెం ఉంది. ఆ సంగతి వీధంతా ఎరుగును.

సూదక్క తండ్రి బస్సు డిపోలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. అందరూ డిపో పెద్దాయన అంటారు. కూతురు ఈ బండి కొని తెచ్చిన రోజు ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ముసలి గుర్రానికి పెళ్లికొడుకు వేషం," అన్నాడు.

ఏడాది గడువు పెట్టాడు. ఆ ఏడాదిలో బండి దారిలో ఆగిపోయి, మూడుసార్లు ఇంటికి తోసుకు రావాల్సి వస్తే అమ్మెయ్యాలి.

"సరే," అంది కూతురు. "కానీ నువ్వు చెయ్యి పెట్టకూడదు. నా బండి నేనే చూసుకుంటా."

"నేను దాన్ని ముట్టుకోవడమా? నా పానాకి పరువు లేదూ?"

పెట్రోలు అయిపోయి ఒకసారి తోసుకొచ్చింది. బ్యాటరీ చచ్చి ఇంకోసారి. అప్పటికి తొమ్మిది నెలలు గడిచాయి. ఇక ఒక్కసారి మిగిలింది. బండి పోతే ఇంటింటి తిరుగుడు పోతుంది. మళ్లీ ల్యాబ్ కింది గదిలో కూర్చుని సీసాలకు చీటీలు అంటించాలి. ఆ గదికి కిటికీ లేదు. ట్యూబులైటు ఒకటి రోజంతా కొట్టుకుంటూ ఉంటుంది. అక్కడ ఆమె రెండేళ్లు కూర్చుంది. మూడో ఏడు కూర్చోదలచుకోలేదు.

ఇంత పంతం ఉన్న మనిషి బండిని ఎలా చూసుకునేదంటే, ఆదివారం కడిగేది. మిగతా రోజులు తిట్టేది. బండితో వచ్చిన పుస్తకం చదవడం మొదలుపెట్టి పదకొండో పేజీ దగ్గర నిద్రపోయింది. తర్వాత ఆ పుస్తకం బీరువా కాలు కిందికి వెళ్లింది.

*

నాలుగో రోజు సాయంత్రం ఆమె స్నానానికి వెళ్లిన సమయం చూసి కళ్లజోళ్ల అబ్బాయి కిందికి దిగాడు. చేతిలో కిరసనాయిలు, పాత బ్రష్షు, గేరు ఆయిల్ ఉన్నాయి.

చెయిన్ మురికి కడిగాడు. తుడిచాడు. ఒక్కో లింకుకూ చుక్క చొప్పున ఆయిల్ వేశాడు. వేలితో పైకీ కిందికీ కదిపి చూస్తే కదల్లేదు. వింటినారిలా ఉంది. చెయిన్‌కు రెండు వేళ్ల వదులు ఉండాలని మేనమామ నేర్పాడు. మరీ బిగిస్తే లోపలి బేరింగులు అరిగిపోతాయి. ఏదో ఒక రోజు చెయినే తెగి చక్రంలో పడుతుంది. అతను వెనక చక్రం నట్టు వదిలి, సరిచేసి, జేబులోంచి చిన్న స్కేలు తీసి కొలిచాడు. పగలు ఆ స్కేలుతో జనం కనుపాపల మధ్య దూరం కొలుస్తాడు. ముప్పై మిల్లీమీటర్లు. సరిపోయింది.

పరాయి బండి మీద అడగకుండా చెయ్యి వెయ్యడం తప్పు. వద్దన్నాక వెయ్యడం ఇంకా తప్పు. ప్రేమ కథలో జరిగినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు. అది అతనికి తెలుసు. తెలిసే చేశాడు.

మర్నాడు బండి అరవలేదు.

సూదక్క వంగి చెయిన్ చూసింది. లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"చూశావా," అంది బండితో. "గట్టిగా చెప్పేసరికి దారికొచ్చావు."

మెట్ల మీద అతనికి కాఫీ పొలమారింది.

"ఏమిటి దగ్గు?" అందామె.

"ఏం లేదండీ. బండి ఏడుపు మానేసినట్టుంది."

"తిట్టాను. మానేసింది. మీరు ఆయిలన్నారు."

"పొరపాటైంది."

ఆ రోజుతో ఆమెకొక సిద్ధాంతం దొరికింది. యంత్రాలకు ఆయిల్ కన్నా తిట్లు ముఖ్యం. ల్యాబ్‌లో అందరికీ బోధించింది. ప్రింటర్‌ను తిట్టించింది. ఫ్రిజ్‌ను తిట్టించింది. ప్రింటర్ నిజంగానే పనిచేసింది, ఊడిపోయిన ప్లగ్గు ఎవరో పెట్టారు కాబట్టి.

*

రెండో సాయంత్రం అతను చెయిన్ కదిపి చూశాడు. మళ్లీ వింటినారి.

తనే తప్పు కొలిచానేమో అనుకుని మళ్లీ వదులు చేశాడు. మూడో సాయంత్రం మళ్లీ బిగుసుకుని ఉంది. చెయిన్ వాడేకొద్దీ సాగుతుంది. వాడేకొద్దీ బిగిసే చెయిన్ ఎక్కడా లేదు. అతను షాపులో తన కళ్లు తానే పరీక్ష చేసుకున్నాడు. బాగానే ఉన్నాయి. మేనమామకు ఫోన్ చేశాడు.

"మామయ్యా, చెయిన్ దానంతట అది బిగుసుకుంటుందా?"

"ఎవరి చెయినురా?"

"ఒక కస్టమర్‌ది."

"కళ్లజోళ్ల షాపుకి చెయిన్ పట్టుకొచ్చే కస్టమర్ ఎవరు?"

అతను ఫోను రెండో చెవికి మార్చాడు.

"పేరేమిటి?" అన్నాడు మేనమామ.

"బండి పేరా?"

"అమ్మాయి పేరు."

ఫోన్ పెట్టేశాడు.

జరుగుతున్నది ఇది. డిపో పెద్దాయన రోజూ ఉదయం ఐదింటికి వాకింగ్‌కు బయల్దేరతాడు. జేబులో పానా ఉంటుంది. గేటు దాకా వెళ్లి, వెనక్కి చూసి, బండి పక్కన గొంతుక్కూర్చుంటాడు. తొమ్మిది నెలలుగా ఇదే వాకింగ్.

ఆయనకు బస్సు తెలుసు. బస్సులో వదులుగా ఉన్నదేదైనా ఊడిపోతుంది. అందుకని కంటికి కనిపించిందల్లా బిగించేవాడు, చెయిన్‌తో సహా. బస్సుకు చెయిన్ ఉండదు కాబట్టి దానికి ఆయిల్ వెయ్యాలన్న సంగతి ఆయనకు తట్టలేదు. టైర్లలో గాలి కూడా గట్టిగా కొట్టేవాడు. గుంత దాటినప్పుడల్లా కూతురు సీటు మీంచి జానెడు లేచేది.

పందెం గెలవాలని ఆయనకు లేదా అంటే ఉంది. కూతురు నడిరోడ్డు మీద ఆగిపోకూడదని అంతకన్నా ఉంది. రెండూ ఒకే మనిషికి ఉంటే ఐదింటికి లేవక తప్పదు.

ఇలా పొద్దున ఆయన బిగిస్తాడు. సాయంత్రం అతను వదులుతాడు. సూదక్క రోజంతా తండ్రి బిగించిన బండి మీదే తిరుగుతుంది. అబ్బాయి కొలిచి పెట్టిన రెండు వేళ్ల వదులు రాత్రంతా ఒక బల్లి అనుభవిస్తుంది.

"ఏం ఇనుమో ఇది," అనుకునేవాడు పెద్దాయన పొద్దున. "రోజూ సాగుతుంది."

"ఏం ఇనుమో ఇది," అనుకునేవాడు అబ్బాయి సాయంత్రం. "రోజూ ముడుచుకుంటుంది."

ఈ ఇద్దరినీ చూస్తున్న మనిషి ఒకరున్నారు. సూదక్క తల్లి. బండి పెట్టే చోటు మీదికే వంటింటి కిటికీ ఉంది. పొద్దున పాలు కాస్తూ ఒకరిని చూసేది. సాయంత్రం కూర తరుగుతూ ఇంకొకరిని చూసేది. నోరు మెదపలేదు. ఒక్కసారి మాత్రం టిఫిన్ దగ్గర భర్తతో అంది.

"పై వాటా అబ్బాయి వీధిలో అందరినీ బాబాయి, పిన్ని అని పిలుస్తాడు. గమనించారా?"

"మంచి పిల్లాడు. మర్యాద తెలుసు."

"మనల్ని మాత్రం సార్, మేడమ్ అంటాడు."

"మనమంటే ఇంకా మర్యాద."

ఆవిడ ఆయన వంక కాసేపు చూసింది. "ముప్పై ఏళ్లు ఆ డిపో ఎలా నడిచిందో," అంది. "మిమ్మల్ని బాబాయి అంటే మన పిల్ల వాడికి చెల్లెలవదూ?"

పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు.

*

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. సూదక్క తడిసి ముద్దయి వచ్చింది. బండి ఆపుతుండగానే కళ్లజోళ్ల అబ్బాయి గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు. ఆమెకు లోపల ఏదో మెత్తబడింది. ఒక అడుగు గొడుగు కిందికి జరిగింది. గొడుగు ఆమెను దాటి వెనక చక్రం మీదికి పోయింది.

"నేను ఇక్కడున్నాను," అంది.

"మీకు తుప్పు పట్టదండీ. చెయిన్‌కు పడుతుంది."

ఆమె జుట్టు పిండి ఆ నీళ్లు అతని మొహాన చల్లి లోపలికి వెళ్లిపోయింది. అతను చాలాసేపు ఆ నీళ్లు తుడుచుకోలేదు. అప్పుడు గొడుగు ఎవరికి పట్టాలో బుద్ధి వచ్చింది. అప్పటికే ఆమె తలుపేసింది.

ఆ వారంలోనే ఇద్దరి చేతులూ ఇంజను ఆయిల్ మీదికి పోయాయి.

బస్సు ఇంజనుకు ఆయిల్ చూసే కడ్డీ ఉంటుంది. ఈ బండికి లేదు. పెద్దాయన నెలల తరబడి వెతికాడు. చివరికి ఇంజను కుడి పక్క, కింద, చొక్కా బొత్తామంత గాజు కన్ను కనిపించింది. అందులో ఆయిల్ సగం దాకా కనిపించాలి. ఖాళీగా కనిపించింది. బండి స్టాండు మీద ఎడమకు వాలి ఉంది. ఆయిలంతా అటు పోతుంది, కుడి పక్క కన్ను ఖాళీగానే కనిపిస్తుంది. నిటారుగా నిలబెట్టి చూడాలని బీరువా కాలు కింది పుస్తకంలో రాసి ఉంది. ఆయన పొద్దునే ఒక గ్లాసు ఆయిల్ పోశాడు. మర్నాడు చూశాడు. ఖాళీ. ఇంకో గ్లాసు పోశాడు.

అబ్బాయికి నిటారుగా నిలబెట్టాలని తెలుసు. అయితే అది ఇద్దరు మనుషుల పని. ఒకరు బండి పట్టుకోవాలి, ఇంకొకరు నేల మీద పడుకుని చూడాలి. దొంగతనానికి రెండో మనిషి ఎక్కడ దొరుకుతాడు? షాపు నుంచి మొహం చూసుకునే అద్దం తెచ్చి నేల మీద పెట్టి, బండి ఎత్తి పట్టుకుని, మెడ చాపి చూశాడు. అద్దంలో అతని కన్నే కనిపించింది. పాత ఇంజను కదా, కాస్త ఆయిల్ తాగే ఉంటుందనుకుని పావు లీటరు పోశాడు.

*

గడువుకు పదకొండు రోజులుందనగా మధ్యాహ్నం బజారు రోడ్డు మీద నీలం పొగ లేచింది.

పొగ ముందు సూదక్క ఉంది. ఆమె వెనక రోడ్డు కనిపించడం లేదు. దోమల మందు కొడుతున్నారనుకుని దుకాణాల వాళ్లు షట్టర్లు దించారు. మేడ మీద ఒక ముసలావిడ గబగబా కిటికీలు మూసింది. "మంచిదే, ఈసారి ఆడపిల్లను పెట్టారు," అంది.

ఆమె బండిని తిడుతూనే ఉంది. తనకు తెలిసిన తిట్లన్నీ అయిపోయి కొత్తవి కల్పిస్తోంది. బండి వినలేదు. వీధి మొదట్లో, సరిగ్గా కళ్లజోళ్ల షాపు ముందు, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఇల్లు అక్కడికి రెండొందల అడుగులు.

అబ్బాయి పరుగున బయటికొచ్చాడు. వెనకే పరీక్ష ఫ్రేము పెట్టుకున్న కస్టమరు ఒకాయన వచ్చాడు. ఒక కంటికి అద్దం ఉంది, రెండో కంటికి లేదు.

ఆమె హెల్మెట్ తీసి అరుగు మీద కూర్చుంది. మొహం మసి పట్టింది. కళ్ల చుట్టూ మాత్రం తెల్లగా ఉంది.

"తొయ్యను," అంది. "తోసుకుంటూ ఇంటికెళ్తే మూడోసారి అవుతుంది. తొయ్యను. పదకొండు రోజులు ఇక్కడే కూర్చుంటా."

ఆ మాట నవ్వు తెప్పించేదే. ఆమె పెదవి వణుకుతోంది కాబట్టి అతనికి నవ్వు రాలేదు. గాలి ఫిల్టరు కింద సన్న గొట్టం ఉంటుంది. దాని మూత తీశాడు. నల్లటి ఆయిల్ ధారగా కారింది.

"ఇంజనులో ఆయిల్ ఎక్కువైంది," అన్నాడు.

"నేను చుక్క పొయ్యలేదు."

చెప్పకుండా ఉండొచ్చు. ఎవరూ చూడలేదనే అతని నమ్మకం. ఒక క్షణం తన చేతులు చూసుకున్నాడు.

"నేను పోశాను," అన్నాడు.

"ఏమిటి?"

"పోయిన ఆదివారం. పావు లీటరు. అంతకుముందు చెయిన్ కడిగాను. రోజూ వదులు చేశాను. టైర్లలో గాలి తగ్గించాను. క్లచ్ కేబులుకు ఆయిల్ వేశాను. అన్నీ నేనే. రెండు నెలలకు పైగా."

ఆమె వంగి చెయిన్ వంక చూసింది.

"చెయిన్ అరుపు మానింది," అంది. "అది నా తిట్లకు కాదా?"

"తిట్లు కూడా పనిచేసి ఉండొచ్చు."

"నోరు మూసుకోండి. ప్రింటర్‌ను తిట్టమని పద్నాలుగు మందికి నేర్పాను నేను."

"అది పనిచేసిందన్నారుగా."

"నోరు మూసుకోమన్నాను."

కస్టమరు ఇద్దరి మధ్యకు తల పెట్టాడు. "బాబూ, ఈ అద్దంతో నెంబరు ప్లేటు శుభ్రంగా కనిపిస్తోంది. ఇదే ఖాయం చేసెయ్."

"లోపల కూర్చోండి సార్," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

అప్పటికి కబురు ఇంటికి చేరింది. డిపో పెద్దాయన వచ్చాడు, వెనక ఆయన భార్య. పందెం గెలిచిన మనిషి మొహం అలా ఉండదు. రోడ్డు మీద కారిన ఆయిల్ వైపు చూడకుండా, "ఆయిల్ ఎక్కువైందా?" అన్నాడు.

కూతురు మెల్లగా తలెత్తింది. "నీకెలా తెలుసు?"

"ముప్పై ఏళ్లు డిపోలో చేశానమ్మా. పొగ చూసి చెప్పనూ?"

"పొగ పోయి పావుగంటయింది నాన్నా."

పెద్దాయన ఆకాశం వంక చూశాడు.

"ఎన్ని గ్లాసులు?" అంది భార్య.

"ఏమిటి గ్లాసులు?"

"వాకింగ్‌కు వెళ్తూ నా స్టీలు గ్లాసు ఎత్తుకెళ్లారు కదా. ఎన్ని?"

"నాలుగు," అన్నాడు.

కళ్లజోళ్ల అబ్బాయి ఆయన వైపు తిరిగాడు. లోకంలో లేని ఇనుము సంగతి అప్పుడు అర్థమైంది. "చెయిన్ బిగించింది మీరా సార్?"

"వదులు చేసేది నువ్వా?" అన్నాడు పెద్దాయన. "వెర్రివాడా, చెయిన్ ఎవడైనా వదులు పెడతాడా?"

"రెండు వేళ్ల వదులు ఉండాలి సార్. పుస్తకంలో ఉంది."

"పుస్తకం రాసిందెవరు?"

"బండి చేసినవాళ్లే సార్."

"వాళ్లకేం తెలుసు?"

"అమ్మా," అంది సూదక్క. "నీకు ఇదంతా తెలుసా?"

"కిటికీ ఉందిగా."

"మరి చెప్పలేదేం?"

"ఒకరి సంగతి చెప్తే రెండోవాళ్లు మానేస్తారు. నాకు వంటింట్లో టీవీ లేదు."

సూదక్క లేచింది. గొంతు పెంచలేదు. అందుకే ముగ్గురూ బెదిరారు.

"నా బండి నేనే చూసుకుంటున్నాననుకున్నా. ల్యాబ్‌లో తలెత్తుకు తిరిగా. మీరిద్దరూ నా వెనక చేరి నన్ను ఆటబొమ్మను చేశారు. మంచికే చేశారు. అయినా ఆటబొమ్మనే చేశారు."

పెద్దాయన ఇంటికి వెళ్లి రేకు పళ్లెం తెచ్చాడు. ఇంజను చల్లారాక కింది బోల్టు వదిలి కొంచెం కొంచెంగా ఆయిల్ దించాడు. ఈసారి కూతురిని అడిగి వదిలాడు. బోల్టు బిగించాక పానా తుడుచుకుంటూ అన్నాడు.

"ఇప్పుడు ఆయిల్ చూసి స్టార్ట్ చెయ్. దానంతట అది ఇంటికొస్తే తోసుకొచ్చినట్టు కాదు. పందెం మాట పందెమే."

"ఆగింది కదా నాన్నా."

"బస్సులు కూడా ఆగుతాయి. స్టాపు అంటారు."

భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఇంటివైపు తిప్పింది. నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది.

"బాబూ, రేపు సాయంత్రం మా ఇంటికి రా. ఎప్పుడూ వచ్చినట్టు కాదు, తలుపు కొట్టి రా. ఆయన నీతో మాట్లాడాలట."

"నేనెప్పుడన్నాను?" అన్నాడు పెద్దాయన.

"రేపటికి అంటారు. నడవండి."

*

మిగిలింది ఇద్దరే. కస్టమరు షాపు లోపల గోడ మీది అక్షరాలు తనకు తానే చదువుకుంటున్నాడు.

ఆమె బండిని స్టాండు మీంచి లేపి నిటారుగా పట్టుకుంది. అతను కుడి పక్కన రోడ్డు మీద బోర్లా పడుకుని గాజు కన్నులోకి చూశాడు.

"ఎంతుంది?"

"ఆయిల్ ఇంకా దిగుతోంది. ఒక్క నిమిషం పట్టుకోండి."

"ఆ నిమిషంలో ఒక మాట చెప్పండి. చెయిన్ అరుస్తోందని మొదటి రోజు ముట్టుకున్నారు. సరే. మర్నాటి నుంచి అరవలేదు. మిగతా రోజులు ఎందుకు ముట్టుకున్నారు?"

"మీ నాన్నగారు బిగిస్తుంటే..."

"నాన్న సంగతి మీకు ఇవాళ తెలిసింది."

బండి అతని వైపు బెత్తెడు వాలింది.

"ఏమిటండీ ఇది?"

"బండి నూట ఎనభై కిలోలు. నా చేతులు నొప్పి పుడుతున్నాయి."

"చెప్తా, చెప్తా. నిటారుగా పట్టుకోండి." అతను రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "పొద్దున మీరు బండిని తిడతారు. రోజూ వినేవాణ్ని. కొన్నాళ్లకు దాని మీద కుళ్లు పుట్టింది. నన్నెవరూ అంత శ్రద్ధగా తిట్టలేదు. అది బాగుంటే మీరు నవ్వుతూ వెళ్లేవారు. నవ్వుతారని చేశాను. మీరంటే నాకు ఇష్టం. అడగకుండా ముట్టుకోవడం తప్పు. రెండూ నిజమే."

బండి మెల్లగా నిటారుకు వచ్చింది.

"లేవండి," అందామె.

"ఇంకా చూడలేదు."

"లేవండి. మీరు పట్టుకోండి. నేను చూస్తా. నా బండి."

అతను లేచి హ్యాండిలు అందుకున్నాడు. ఆమె రోడ్డు మీద పడుకుంది. చెంప తారుకు ఆనించి, ఒక కన్ను మూసి, రెండో కన్నుతో గాజులోకి చూసింది. ఏడాదిలో మొదటిసారి తన ఇంజను లోపలికి చూస్తోంది.

"కన్నులో గీతలు రెండున్నాయి," అంది.

"ఆయిల్ ఎక్కడుంది?"

"మధ్యలో."

"మధ్యలో అంటే?"

"సరిగ్గా మధ్యలో. నేను చూసి చెప్తున్నా."

"అయితే సరిపోయింది."

లేచి బండెక్కి మీట నొక్కింది. బండి దగ్గింది. తుమ్మింది. కాస్త పొగ వదిలి అందుకుంది. ఆమె దాన్ని తిట్టలేదు. మెచ్చుకోలేదు. ఇంజను శబ్దం రెండు నిమిషాలు విని ఆపేసింది.

"ఏమైంది?" అన్నాడు కంగారుగా.

"ఏం కాలేదు. నడుస్తుంది. ఇంటికి నడుపుకుంటూ వెళ్తా. తర్వాత చెయిన్ చూడాలి. నేను కొలుస్తా. నువ్వు స్కేలు తీసుకురా. నట్టు మీద చెయ్యి వేశావంటే మర్యాదగా ఉండదు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో అతను పట్టుకున్నాడు. పట్టుకుని ఏమీ అనకుండా ఉండే తెలివి, రెండు నెలల్లో మొదటిసారి, అతనికి ఉంది.

"ఒకటి అడగొచ్చా?" అన్నాడు.

"అడగడం నేర్చుకున్నావన్నమాట. అడుగు."

"నీ చెయ్యి పట్టుకోవచ్చా?"

ఆమె చెయ్యి చూసుకుంది. వేళ్ల సందుల్లో నల్లటి ఆయిల్. గోళ్ల కింద రోడ్డు మట్టి. చొక్కాకు తుడవబోయి, తుడవకుండా ఆగింది.

"జిడ్డుగా ఉంది," అంది.

"నాదీ అంతే."

"అయితే పట్టుకో."